పిల్లి కన్ను, కాఫీ గింజ

1866లో, బెర్లిన్‌కు ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒరానియన్‌బుర్గ్ అనే చిన్న ఊరి నుంచి, డెబ్బై రెండేళ్ళ బ్రహ్మచారి ఒకడు ఇల్లు నడిపేవారి కోసం ఒక పుస్తకం వెలువరించాడు. పేరు ‘గృహనిర్వహణ లేఖలు’. బట్టల మీది మరకలు తీయడం, ఇనుప సామానుకు పట్టిన తుప్పు వదిలించడం, పండ్లతో ఇంట్లోనే మద్యం తయారుచేసుకోవడం వంటి సంగతులను ఓపికగా, కాస్త హాస్యం కలిపి, ఉత్తరాల రూపంలో చెప్పిన పుస్తకమది. ఆ ఉత్తరాలలో ఒకదానిలో మాత్రం మరకల ప్రసక్తి లేదు. నలభై ఏడేళ్ళ కిందట తాను ఒక పిల్లిని చంకన పెట్టుకుని మహాకవి గోథేను చూడబోయిన వైనం, తిరిగివచ్చేటప్పుడు ఆ మహాకవి చేతిలో పెట్టిన కాఫీ గింజల పెట్టె సంగతి ఆ ఉత్తరంలో ఉన్నాయి.

ఆ రచయిత పేరు ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రుంగె. కాఫీ గింజలో మనిషిని మేలుకొలిపే పదార్థాన్ని మొదటిసారి శుద్ధంగా వేరుచేసినవాడు అతడే. మనం ఇప్పుడు దానిని కెఫీన్ అంటున్నాం. ప్రపంచంలో ఇంతమంది, ఇన్నిసార్లు, ప్రతిరోజూ కోరి పుచ్చుకునే ఔషధగుణం గల పదార్థం మరొకటి లేదు. అయినా దానిని కనిపెట్టినవాడి పేరు రసాయనశాస్త్రం చదివినవారిలో కూడా చాలామందికి తెలియదు. ఆ పేరు ఎందుకు మరుగున పడిందో తెలుసుకోవాలంటే, ఒక ఉష్ణమండలపు పండులోని పదార్థాన్ని వేరుచేయడమంటే ఏమిటో, వేరుచేసిన తరువాత అది ఏమిటో తెలుసుకోవడమంటే ఏమిటో వివరంగా చూడాలి. ఈ రెండు పనుల మధ్య దాదాపు ఎనభై ఏళ్ళు గడిచాయి. రెండూ బెర్లిన్ నగరంతో ముడిపడే జరిగాయి.

రుంగె 1794లో హాంబుర్గ్ దగ్గరి బిల్‌వెర్డర్ గ్రామంలో ఒక మతబోధకుడి ఇంట పుట్టాడు. పెద్ద కుటుంబం, చిన్న ఆదాయం. చదువు ఎక్కువకాలం సాగే వీలు లేక ల్యూబెక్ పట్టణంలో మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి కుదిరాడు. ఆ కాలపు మందుల దుకాణమంటే సీసాలు అమ్మే చోటు మాత్రమే కాదు. ఎండిన వేళ్ళు దంచడం, ఆకుల రసం పిండడం, కషాయాలు కాచి వడకట్టడం అన్నీ అక్కడే జరిగేవి. ఒకనాడు అలా పని చేస్తుండగా, మన ఉమ్మెత్త కుటుంబానికే చెందిన ఒక విషమొక్క రసం చుక్క చింది అతని కంట్లో పడింది. కంటిపాప విప్పారింది. చూపు మసకబారింది. చాలాసేపటికి గాని మామూలు కాలేదు. అలాంటి అనుభవం అంతకు ముందు ఎందరు మందులవాళ్ళకు కలిగిందో చెప్పలేం. రుంగె మాత్రం ఆ చుక్కను మరచిపోలేదు.

తరువాత అతడు వైద్యం చదవడానికి బెర్లిన్‌కు, అక్కడి నుంచి గటింగెన్‌కు, చివరికి యేనాకు వెళ్ళాడు. 1819లో యేనాలో వైద్య పట్టం కోసం సమర్పించిన లాటిన్ సిద్ధాంతవ్యాసంలో బెలడోనా, ఉమ్మెత్త, ఖురాసానీ వాము అనే మూడు మొక్కల విషప్రయోగాన్ని పట్టుకునే కొత్త పద్ధతిని ప్రతిపాదించాడు. పద్ధతి సులభం. విషం తిన్నాడని అనుమానం ఉన్న మనిషి శరీరద్రవాల నుంచి తీసిన సారాన్ని ఒక పిల్లి కంట్లో వేయాలి. పాప విప్పారితే ఆ జాతి విషం ఉన్నట్టు. రసాయన పరీక్షలేవీ ఇంకా పుట్టని కాలంలో, జీవించి ఉన్న కన్నే అతనికి త్రాసు, కొలపాత్ర అయింది.

ఈ ఆలోచన విలువ నేటి వైద్యులకు వెంటనే అర్థమవుతుంది. ఒక మొక్కలో వందలాది పదార్థాలు ఉంటాయి. వాటిలో మందుగా పనిచేసేది ఏదో, ఊరకే ఉండేది ఏదో కళ్ళతో చూసి చెప్పలేం. సారాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగాన్నీ జీవి మీద పరీక్షించి, ఏ భాగంలో గుణం ఉందో దానినే మళ్ళీ విడదీస్తూ పోవాలి. నేటికీ ప్రకృతిజన్య పదార్థాల పరిశోధన ఈ దారిలోనే నడుస్తోంది. పిల్లి స్థానంలో ఇప్పుడు కణాల వరసలు, ఎంజైములు వచ్చాయి. తన కంట్లో పడిన చుక్క నుంచి రుంగె నేర్చుకున్న పాఠం ఇదే: గుణం ఎక్కడుందో జీవిని అడిగి తెలుసుకోవాలి.

కాలం కూడా అతనికి అనుకూలంగా ఉంది. నల్లమందు నుంచి మోర్ఫిన్‌ను వేరుచేసిన జర్మన్ ఔషధకారుడు సెర్ట్యూర్నర్ వ్యాసం 1817లో పండితుల దృష్టికి వచ్చింది. మొక్కలలో ఆమ్లాలే కాదు, క్షారస్వభావం గల పదార్థాలు కూడా ఉంటాయని, మందుగుణం వాటిదేనని అప్పుడే తేలింది. మరుసటి ఏడాది పారిస్‌లో పెల్టియే, కావాంతూ అనే ఇద్దరు స్ట్రిక్నిన్‌ను వేరుచేశారు. మన తూర్పు కనుమల అడవుల్లో పెరిగే ముష్టిచెట్టు గింజలలోని విషం అదే. ఆల్కలాయిడ్ అన్న మాట పుట్టింది 1819లో. ఐరోపాలోని మందుల దుకాణాలన్నీ ఒక్కసారిగా గనులుగా మారినట్టయింది. శతాబ్దాలుగా తెలిసిన ప్రతి వేరులోనూ, ప్రతి గింజలోనూ ఏముందో తవ్వి చూడాలన్న ఆరాటం పెరిగింది.

యేనాలో రుంగెకు రసాయనశాస్త్రం చెప్పిన గురువు డాబరీనర్. మూలకాల త్రికాల పాఠంలో మన పిల్లలు పదో తరగతిలో చదువుకునే డాబరీనర్ ఇతడే. యేనా విద్యాసంస్థల పర్యవేక్షణ చూసే మంత్రిగా గోథే ఆ ఊరికి తరచు వచ్చేవాడు. ప్రకృతిశాస్త్రమంటే అతనికి కవిత్వంతో సమానమైన ప్రీతి. కంటిపాప ప్రయోగం సంగతి డాబరీనర్ చెప్పగా విని, ఆ కుర్రవాణ్ణి పిలిపించమన్నాడు.

1819 అక్టోబరు 3న రుంగె ఎరవు తెచ్చుకున్న కోటు తొడుక్కుని, ఎరవు టోపీ పెట్టుకుని, చంకలో పిల్లితో యేనా అంగడివీధి దాటుకుంటూ గోథే బసకు నడిచాడు. విషాల మీద పరిశోధన చేస్తాడు కనుక తోటి విద్యార్థులు అతన్ని ‘విషవైద్యుడు’ అని పిలిచేవారు. ఆ వేషంలో అతణ్ణి చూసి వీధి వీధంతా నవ్వుకుంది. పిల్లికి ఒక కంట్లో ముందే మందు వేసి ఉంది. ఒక పాప సన్నగా గీతలా, మరొకటి గుండ్రంగా నల్లటి బిళ్ళలా ఉన్న ఆ ముఖాన్ని గోథే ఆశ్చర్యంగా చూశాడు. ఈ విద్య ఎలా పట్టుబడిందని అడిగాడు. నెపోలియన్ యుద్ధాల నాడు బలవంతపు సైనిక సేవ నుంచి తన మిత్రుణ్ణి తప్పించడానికి కంట్లో ఈ రసం వేసి గుడ్డితనం నటింపజేసిన కథను రుంగె చెప్పాడు. సెలవు తీసుకునే వేళ గోథే ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో ఉన్నవి కాఫీ గింజలు. ఒక గ్రీకు దేశస్థుడు అపురూపమైనవంటూ తనకు పంపినవి. నీ పరిశోధనకు ఇవి పనికిరావచ్చు అన్నాడు. ఆ సంబరంలో రుంగె పిల్లిని అక్కడే వదిలి బయలుదేరబోతే, నీ శిష్యుణ్ణి మరచిపోతున్నావని చమత్కరించాడట.

ఈ కథ మనకు తెలిసింది రుంగె వృద్ధాప్యంలో రాసిన ఉత్తరం ద్వారానే. అర్ధశతాబ్దం నాటి జ్ఞాపకానికి కొంత మెరుగు అబ్బి ఉండవచ్చు. కాని ఆ తరువాత జరిగినదానికి అచ్చు సాక్ష్యం ఉంది. 1820లో బెర్లిన్ నుంచి వెలువడిన అతని పుస్తకం ‘నవీన వృక్షరసాయన ఆవిష్కరణలు’లో కాఫీ నుంచి వేరుచేసిన క్షారపదార్థం వర్ణన ఉంది. దానికి అతడు పెట్టిన పేరు ‘కాఫీ క్షారం’.

ఆనాటి ప్రష్యాలో కాఫీ గింజ సామాన్యమైన వస్తువు కాదు. ఫ్రెడరిక్ రాజు 1781లో కాఫీ వేయించడాన్ని ప్రభుత్వ గుత్తహక్కుగా చేశాడు. దేశం సొమ్ము విదేశీ గింజల పాలవుతోందని అతని బెంగ. దొంగచాటుగా ఎవరింట్లో కాఫీ వేగుతోందో వాసన పట్టడానికి సైన్యం నుంచి విరమించిన సిపాయిలను వీధుల్లో తిప్పాడు. బెర్లిన్ జనం వాళ్ళకు ‘కాఫీ వాసనగాళ్ళు’ అని పేరు పెట్టారు. ఆ చట్టం ఆ రాజుతోనే పోయింది. తరువాత నెపోలియన్ కాలపు సముద్ర దిగ్బంధంలో కాఫీ మళ్ళీ కరవై, జనం చికోరీ వేళ్ళు వేయించుకుని తాగారు. అంతగా వెంపర్లాడించిన ఆ గింజలో ఏముందో ఎవరికీ తెలియదు.

ఆ గింజ నిజానికి ఒక పండులోని విత్తనం. మన అరకు, పాడేరు కొండల మీద చలికాలంలో ఎర్రగా పండే కాఫీ పండు చిన్న రేగుపండంత ఉంటుంది. పైతోలు, తియ్యటి పలుచని గుజ్జు, దాని కింద జిగురు, దాని లోపల పొరలు చుట్టుకుని, చదునైన ముఖాలు ఎదురెదురుగా రెండు గింజలు. వేయించని గింజలో పిండిపదార్థాలు, నూనెలు, చక్కెరలు, మాంసకృత్తులు, వగరునిచ్చే ఆమ్లాలు అన్నీ కలగలిసి ఉంటాయి. కెఫీన్ వంతు అరబికా రకంలో నూటికి కాస్త ఎక్కువగా ఒకటి, రోబస్టా రకంలో సుమారు రెండు. అంటే నూరు గ్రాముల గింజల్లో తొంభై ఎనిమిది గ్రాముల అనవసరమైన సరుకును వదిలించుకుంటే గాని ఆ ఒకటి రెండు గ్రాములు దొరకవు.

వదిలించుకోవడం ఎలా? ఆ కాలపు రసాయనజ్ఞుల చేతిలో ఉన్నవి నీరు, ఆల్కహాలు, ఆమ్లం, సున్నం, సీసపు లవణాలు, వడపోత గుడ్డ, ఇసుక మీద పెట్టిన పింగాణీ గిన్నె, అన్నిటికీ మించి ఓపిక. గింజల పొడిని నీటిలో కాచితే కెఫీన్ నీటిలోకి దిగుతుంది. దానితోపాటే వగరు, రంగు, జిగట కూడా దిగుతాయి. సీసపు లవణం కలిపితే వగరు ఆమ్లాలు మడ్డిగా అడుగుకు చేరతాయి. వడకట్టి, మిగిలిన సీసాన్ని తొలగించి, నీటిని మెల్లగా ఇగిరిస్తే పట్టుదారాల్లాంటి తెల్లటి సన్నని సూదులు ఏర్పడతాయి. రుచి చేదు. వాసన లేదు. కాఫీ కమ్మదనంతో వాటికి ఏ సంబంధమూ లేదు. సువాసన వేయించడంలో పుట్టే వేరే పదార్థాలది. నిద్రను ఆపే శక్తి మాత్రం ఈ సూదులదే.

సరిగ్గా ఆ సమయంలోనే పారిస్‌లోనూ ఇదే వేట సాగుతోంది. 1821లో రోబికే ఒకవైపు, పెల్టియే, కావాంతూల జంట మరొకవైపు, రుంగె పని సంగతి తెలియకుండానే అదే పదార్థాన్ని వేరుచేశారు. ఫ్రెంచివారి పత్రికలకు ఐరోపా అంతటా పాఠకులున్నారు. బెర్లిన్‌లో అచ్చయిన ఒక పాతికేళ్ళ యువకుడి పుస్తకానికి అంత వ్యాప్తి లేదు. చివరికి ఫ్రెంచివారు పెట్టిన పేరే నిలిచింది. ‘కాఫీ క్షారం’ గ్రంథాలయాల్లో మిగిలిపోయింది. పేరు పెట్టినవాడిదే బిడ్డ అన్నట్టు లోకం కనుగొన్నవాణ్ణి మరచిపోవడం అక్కడే మొదలైంది.

రుంగె బెర్లిన్‌లో పొగెన్‌డోర్ఫ్ అనే మిత్రుడితో కలిసి ఒకే గదిలో కాపురం ఉన్నాడు. తరువాత జర్మనీలోకెల్లా పేరుమోసిన భౌతికశాస్త్ర పత్రికకు అర్ధశతాబ్దం సంపాదకుడైన పొగెన్‌డోర్ఫ్ ఇతడే. 1822లో రుంగె బెర్లిన్ విశ్వవిద్యాలయంలో రెండో పట్టం పుచ్చుకున్నాడు. ఈసారి విషయం నీలిమందు. మచిలీపట్నం అద్దకాలకూ, కోరమండల్ తీరపు వర్తకానికీ ప్రాణమైన ఆ నీలిరంగు లోహ లవణాలతో ఎలా కలుస్తుందన్నది అతని ప్రశ్న. విశ్వవిద్యాలయంలో వృక్షరసాయనం బోధించాడు. తరువాత బ్రెస్లావ్‌లో ఆచార్యుడయ్యాడు. అక్కడా నిలవలేదు. 1830ల ఆరంభంలో ఒరానియన్‌బుర్గ్ పాత రాజప్రాసాదంలో నడుస్తున్న రసాయన కార్ఖానాకు సాంకేతిక బాధ్యతలు చూడడానికి వెళ్ళాడు. జీవితంలో మిగిలిన కాలమంతా ఆ ఊళ్ళోనే గడిచింది.

అక్కడ అతడు చేసిన పని కాఫీ గింజ కన్నా పెద్దది. వీధి దీపాల కోసం బొగ్గు నుంచి గ్యాసు తీసే కార్ఖానాలలో నల్లటి తారు మిగిలిపోయేది. దానిని ఎక్కడ పారబోయాలో తెలియక అందరూ తల పట్టుకునేవారు. రుంగె దానిని కూడా ఒక మొక్కలాగే చూశాడు. కాచి, ఆవిరి పట్టి, ఆమ్లంతో ఒకసారి, క్షారంతో ఒకసారి కడిగి, ఒక్కొక్క భాగాన్నీ పరీక్షించాడు. 1834లో పొగెన్‌డోర్ఫ్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. విరంజనచూర్ణం తగలగానే నీలిరంగు తేలే ఒక నూనె, దాని పేరు ‘క్యానోల్’ అన్నాడు. కుళ్ళును ఆపే ఒక ఆమ్లం, దాని పేరు ‘కార్బాలిక్ ఆమ్లం’. మొదటిది నేటి అనిలీన్. రెండోది ఫినాల్. వీటితోపాటు క్వినోలిన్, పైరోల్ కూడా అదే తారు నుంచి బయటపడ్డాయి.

ఈ నూనెల నుంచి రంగులు తయారుచేయవచ్చునని అతడు యాజమాన్యానికి చెప్పాడు. కార్ఖానా ప్రష్యా ప్రభుత్వ వాణిజ్య సంస్థది. లెక్కల పుస్తకాలు చూసేవారికి తారులో లాభం కనిపించలేదు. ప్రతిపాదన అటకెక్కింది. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ పెర్కిన్ మలేరియా మందు క్వినైన్‌ను కృత్రిమంగా తయారుచేయబోయి, అనిలీన్ నుంచి ఊదారంగు తెప్పించాడు. దానితో కృత్రిమ రంగుల పరిశ్రమ పుట్టింది. కొన్ని దశాబ్దాలకు అదే పరిశ్రమ జర్మనీని ప్రపంచ రసాయన రాజధానిగా నిలబెట్టింది. దాని దెబ్బకే మన నీలిమందు పొలాలు బీడు పడ్డాయి. ఇక కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కడిగితే చీము పట్టదని గ్లాస్గోలో శస్త్రవైద్యుడు లిస్టర్ 1867లో లోకానికి చెప్పాడు. రుంగె కన్నుమూసింది ఆ ఏడాది మార్చిలోనే.

అప్పటికి చాలా ఏళ్ళుగా అతనికి ఉద్యోగం లేదు. కార్ఖానా ప్రైవేటు చేతుల్లోకి పోయాక, 1852లో అతన్ని తొలగించారు. కొద్దిపాటి భరణంతో, పుస్తకాలు రాసుకుంటూ కాలక్షేపం చేశాడు. ఆ పుస్తకాలలో ఒకటి ముద్రణా చరిత్రలోనే విచిత్రమైనది.

1855లో సొంత ఖర్చుతో ప్రచురించిన ఆ పుస్తకానికి ‘పదార్థాల రూపధారణ ప్రేరణ’ అని పేరు. అందులోని బొమ్మలు అచ్చువేసినవి కావు. అద్దుడు కాగితం ముక్క మీద ఒక లోహ లవణ ద్రావణపు చుక్క వేసి, ఆరాక దాని మీద మరో ద్రావణపు చుక్క వేస్తే, రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, వలయాలుగా, రేకులుగా, అంచులకు కుచ్చులతో విప్పారుతాయి. చేత్తో గీసినా అంత సొగసు రాదు. అలాంటి కాగితాలను ఒక్కొక్కటిగా తయారుచేసి ప్రతి ప్రతిలోనూ అంటించాడు. అందుచేత ఏ రెండు ప్రతులూ ఒక్కలా ఉండవు. ముగ్గులు పెట్టడం ఎరిగిన మన ఇళ్ళవాళ్ళకు ఆ పుటలు చూస్తే చుక్క చుట్టూ అల్లుకున్న రేఖలు గుర్తుకు రాక మానవు.

ఆ రూపాలకు కారణం పదార్థంలోనే దాగిన ఒక ప్రేరణ అని, జీవులు రూపం ధరించడానికీ అదే మూలమని రుంగె నమ్మాడు. ఆ సిద్ధాంతం నిలవలేదు. రంగులు విడిపోవడానికి కారణం కాగితపు పోగుల మధ్య ద్రవం పాకుతున్నప్పుడు ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో కదలడం, దారిలో ఒకదానితో ఒకటి కలిసి మడ్డికట్టడం. అయితే అతని కళ్ళు పొరపాటు పడలేదు. ఒక మిశ్రమాన్ని కాగితం మీద పాకించి విడదీయవచ్చునన్న సంగతి ఆ పుటల మీద స్పష్టంగా ఉంది. 1944లో ఇంగ్లండులో మార్టిన్, అతని సహచరులు పేపర్ క్రోమటోగ్రఫీని పద్ధతిగా తీర్చిదిద్దారు. దాని మూలసూత్రానికి 1952లో మార్టిన్, సింజ్‌లకు నోబెల్ వచ్చింది. అప్పటి నుంచి ఏ ఉష్ణమండలపు పండు రసంలో ఏముందో చూడదలచినవారైనా ముందుగా చేసే పనులలో కాగితం మీదో, పలుచటి పూత పూసిన గాజు పలక మీదో ఒక చుక్క పెట్టి పాకించడం ఒకటయింది. కంట్లో పడిన చుక్కతో మొదలైన జీవితం కాగితం మీది చుక్కతో ముగిసింది.

కెఫీన్ కథ మాత్రం అప్పటికి సగమే నడిచింది. తెల్లటి సూదులు చేతికి వచ్చాయి సరే, అవి ఏమిటి? 1832లో లీబిగ్, ప్ఫాఫ్ వాటిని కాల్చి మూలకాల లెక్క తేల్చారు. ఎనిమిది కర్బన పరమాణువులు, పది ఉదజని, నాలుగు నత్రజని, రెండు ఆమ్లజని. టీ ఆకులో దొరికిన ‘థీన్’ అనే పదార్థం, కెఫీన్ ఒక్కటేనని 1838లో తెలిసింది. కాని అక్షరాల లెక్క తెలిసినంత మాత్రాన పద్యం తెలిసినట్టు కాదు. ఆ ఇరవై నాలుగు పరమాణువులు ఏ వరుసలో, ఏది దేనిని పట్టుకుని ఉన్నాయో తెలియడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

ఆ పని కూడా బెర్లిన్‌లోనే తెమిలింది. ఇక్కడొక విధివిలాసం ఉంది. రుంగె క్యానోల్, ఇతరులు వేరే పేర్లతో కనుగొన్న నూనెలు అన్నీ ఒక్క అనిలీనేనని 1843లో తేల్చిన హాఫ్‌మన్ 1865లో బెర్లిన్ ఆచార్యుడిగా వచ్చాడు. అతడే 1867 నవంబరులో బెర్లిన్‌లో జర్మన్ రసాయనశాస్త్ర సంఘాన్ని స్థాపించాడు. ముప్ఫై కిలోమీటర్ల దూరంలో రుంగెను పూడ్చి అప్పటికి ఎనిమిది నెలలు. హాఫ్‌మన్ మరణానంతరం 1892లో అతని పీఠాన్ని అలంకరించినవాడు ఎమిల్ ఫిషర్.

ఫిషర్ 1880ల ఆరంభం నుంచే కెఫీన్ మీద పనిచేస్తున్నాడు. పక్షుల రెట్టల్లో, మనిషి మూత్రంలో, గౌట్ రోగి కీళ్ళలో కనిపించే యూరిక్ ఆమ్లానికీ, కాఫీ గింజలోని కెఫీన్‌కూ అస్థిపంజరం ఒక్కటేనని అతడు గుర్తించాడు. రెండు వలయాలు ఒకే అంచును పంచుకుని అతుక్కున్న ఆ చట్రానికి 1884లో ‘ప్యూరిన్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో శుద్ధమనే అర్థం గల మాటను, యూరిక్ అనే మాటను కలిపి చేసిన పేరది. 1895లో బెర్లిన్ ప్రయోగశాలలో లొరెంజ్ ఆహ్‌తో కలిసి, డైమిథైల్ యూరియా, మలోనిక్ ఆమ్లం అనే రెండు మామూలు పదార్థాలతో మొదలుపెట్టి, కాఫీ గింజ ప్రమేయమే లేకుండా కెఫీన్‌ను నిర్మించాడు. 1897కల్లా దాని నిర్మాణం సందేహానికి తావు లేకుండా తేలింది. 1898లో ప్యూరిన్‌నే తయారుచేశాడు. 1902లో చక్కెరల మీద, ప్యూరిన్ల మీద చేసిన పనికి ఫిషర్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇదే నగరంలో, ఫిషర్ రాకముందే, మరో పని జరిగింది. 1885లో బెర్లిన్ శరీరధర్మశాస్త్ర సంస్థలో ఆల్‌బ్రెక్ట్ కోసెల్ ఎద్దు క్లోమగ్రంథి నుంచి ఒక నత్రజని క్షారాన్ని వేరుచేసి, గ్రంథి అనే అర్థం గల గ్రీకు మాట నుంచి దానికి ‘అడినీన్’ అని పేరు పెట్టాడు. అదీ ప్యూరిన్ కుటుంబంలోనిదే. అంటే కాఫీ పండులోని సూదులకు, జంతువు క్లోమంలోని పదార్థానికి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికానికి అర్థం ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు.

తెలియజేసే దారిలో ఒక కీలకమైన అడుగు వేసినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కండరాల నుంచి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, మనం ఏటీపీ అని పిలిచే పదార్థాన్ని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దానిని విడిగా కనుగొన్నాడు. జీవకణం తన పనులన్నిటికీ ఖర్చుపెట్టే నాణెం ఏటీపీ. దాని నడిమధ్య ఉన్నది కోసెల్ అడినీన్, అంటే ఫిషర్ ప్యూరిన్ చట్రం. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు ఆ నాణేన్ని ఖర్చుపెడుతూ ఉంటే, దాని తునక అయిన అడినోసిన్ పోగుపడుతుంది. అది మెదడు కణాల మీది గ్రాహకాలలో, తాళంలో చెవి అమరినట్టు, అమరి ఇక చాలు, పడుకో అని చెబుతుంది. అదే కుటుంబపు ముఖం ఉన్న కెఫీన్ ఆ తాళంలో దూరుతుంది గాని దానిని తిప్పదు. చోటు మాత్రం ఆక్రమిస్తుంది. అలసట పోదు, అలసట కబురు అందదు. ఈ వివరణ 1970 తరువాతి దశాబ్దాలలో గాని స్థిరపడలేదు. నెలలు నిండకుండా పుట్టి ఊపిరి తీయడం మరచిపోయే పసికందులకు నేడు ఆసుపత్రులలో ఇచ్చే మందు కెఫీన్ సిట్రేట్. ఆ మందు పనిచేసే తీరు కూడా ఇదే.

సుబ్బారావు పేరును లోకం ఎంత తక్కువగా తలచుకుంటుందో తెలుగువారికి తెలుసు. రుంగె కథ చదువుతుంటే ఆ పోలిక తోచకుండా ఉండదు. ఇద్దరి వృత్తులూ వేరు, కాలాలూ వేరు. కాని ఇద్దరూ మొదట అడగవలసిన ప్రశ్న అడిగినవారు. శాస్త్రచరిత్రలో నిర్మాణాన్ని తేల్చినవాడికి బహుమానం, తయారుచేసి అమ్మినవాడికి లాభం వస్తాయి. తొలిసారి ఆ సూదులను గిన్నె అడుగున చూసినవాడికి వచ్చేది చాలాసార్లు ఆ చూసిన క్షణమే. రుంగె దానిని తక్కువగా ఎంచినట్టు అతని ఉత్తరాలలో ఎక్కడా కనిపించదు. కార్ఖానా, పదవి, రంగులు, అన్నీ చేయి జారిన తరువాత కూడా ఆ వృద్ధుడు గృహిణులకు మరకలు తీయడం నేర్పుతూ, మధ్యలో ఆగి, పిల్లి సంగతి ఎంతో ఉల్లాసంగా చెప్పుకున్నాడు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కొండల మీద గిరిజన రైతులు పండు కోసి, తోలు వలిచి, జిగురు కడిగి, ఎండబెట్టిన గింజలు నేడు ఐరోపా నగరాలకు చేరుతున్నాయి. వాటిని వేయించినప్పుడు వాసన పట్టడానికి ఇప్పుడు సిపాయిలెవరూ తిరగరు. కప్పులో ఉన్నది ఎనిమిది కర్బన పరమాణువుల పదార్థమని, దానిని మొదట చూసినవాడికి ఆ గింజలు ఒక కవి కానుకగా అందాయని తాగేవారికి తెలియనవసరమూ లేదు. తెలుసుకోగోరినవారికి 1855 నాటి ఆ పుస్తకపు ప్రతులు కొన్ని గ్రంథాలయాలలో మిగిలి ఉన్నాయి. రుంగె స్వయంగా వేసిన చుక్కలు ఇంకా ఆ కాగితాల మీద ఉన్నాయి.